మోషే సంతకం

లోకంలో ఏ పుస్తకమైనా ఒక మనిషి రాసిందే అయి ఉండాలనీ, ఆ మనిషికి పేరు, తండ్రి పేరు, సంతకం పెట్టడానికి ఒక చెయ్యి తప్పనిసరిగా ఉండాలనీ సిద్దిపేట ప్రాంతీయ పరిశోధన సమన్వయ కేంద్రం తన ఏర్పాటు రోజునే తేల్చేసింది. అంతకుముందు మూడు వేల ఏళ్లపాటు ఈ విషయంలో మనుషులు కొంత అయోమయంలో ఉన్నారు. దానికి కేంద్రం బాధ్యత వహించదు.

మెదక్ రోడ్డులో టైల్స్ దుకాణం పైఅంతస్తులో ఉండే ఈ కేంద్రం పని, చుట్టుపక్కల పీహెచ్‌డీ చేసేవాళ్లు తమ సిద్ధాంత గ్రంథాలను విశ్వవిద్యాలయానికి నేరుగా పంపకుండా చూడటం. (నేరుగా పంపితే త్వరగా చేరతాయి. త్వరగా చేరినవాటిని తొందరపాటు పరిశోధనగా పరిగణించాలని ఒక సర్క్యులర్ ఉంది.) జనవరి రెండో వారంలో ఈ మెట్లెక్కి సంధ్య వచ్చింది. చేతిసంచిలో మూడు ప్రతులు, ఒక్కొక్కటి మూడు వందల పన్నెండు పేజీలు, నీలం రెక్సిన్ అట్టలు.

సంధ్య పట్టణంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో చరిత్ర చెబుతుంది. తొమ్మిదేళ్లుగా ఆమె చదువుతున్నది హీబ్రూ లేఖనాలలోని మొదటి ఐదు గ్రంథాల గురించి. అవి ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా ఒక్కచోటికి చేరాయన్నది ఆమె ప్రశ్న. రెండు వేల ఆరు వందల ఏళ్ల కింద బబులోను రాజు యెరూషలేమును తగలబెట్టి, అక్కడి జనాన్ని చెరపట్టి తీసుకుపోయాడు. ఊరు పోయినవాళ్లు పరాయి కాలువల ఒడ్డున ఉంటూ, తమకు గుర్తున్న కథలూ చట్టాలూ వంశాల జాబితాలూ కలిపి కూర్చుకున్నారని పండితులలో చాలామంది అంటారు. ఆ కూర్పులో కుట్లు ఎక్కడెక్కడ కనబడతాయో వెతకడమే సంధ్య పరిశోధన.

నేతపని చేసుకునే ఇంట్లో పుట్టి, నాయిన భివండీలో మగ్గం నడిపితే చదువుకున్న మనిషికి ఈ విషయం ఎందుకు పట్టుకుందని కళాశాలలో అందరూ అడిగేవాళ్లు. సంధ్య తల్లి సాయవ్వ పుట్టిన ఊరు తొగుట పక్కన రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. ఊరివాళ్లంతా ఇప్పుడు గజ్వేల్ దగ్గర కాలనీలో ఉంటారు. కాలనీకి పాత ఊరి పేరే పెట్టుకున్నారు. కొత్త గుడి కట్టినప్పుడు ఊరి చరిత్ర రాయించారు. ఊరు విడిచిన రోజు ముందు అమ్మవారిని కదిలించి తర్వాత మనుషులు కదిలారని సాయవ్వ చెప్పింది. కాదు, మనుషులు కదిలాకే అమ్మవారు కదిలిందని సాయవ్వ అక్క చెప్పింది. ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు. రాసేవాడు చూసి చూసి రెండూ రాసేశాడు. ఆ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి చదివిన రోజే తన పరిశోధన దేని మీదో సంధ్యకు తెలిసిపోయింది. అయితే ఇదంతా దరఖాస్తులో 'ప్రేరణ' అనే గడిలో పట్టలేదు. ఆ గడికి నలభై అక్షరాలే అనుమతి.

కేంద్రంలో కౌంటరు దగ్గర ఉండే మహేందర్ ప్రతులను అట్ట తెరవకుండానే కవర్లలో పెట్టి సీలు వేశాడు.

"లోపల ఏమున్నదో మేం చూడొద్దు మేడమ్," అన్నాడు. "చూస్తే పక్షపాతం అయితది."

ఆ తర్వాత ఫారం 7-బి అందించాడు. పైన 'గ్రంథకర్త సమ్మతి పత్రం' అని ఉంది.

"ఇది నేను నింపాల్నా?"

"మీరు కాదు. మీరు ఏ పుస్తకం మీద రాసిన్రో, ఆ పుస్తకం రాసినాయన. ఆయనకు అభ్యంతరం లేదని సంతకం వెట్టాలె. కొత్త రూలు."

సంధ్య ఫారం తీసుకుని, గ్రంథకర్త పేరు అన్నచోట 'తెలియదు' అని రాసింది. మహేందర్ ఆ ముక్కను కంప్యూటర్‌లో కొట్టి చూశాడు.

"తెలియదు అంటే తీసుకుంటలేదు మేడమ్."

సంధ్యకు తరగతిలో చెప్పి చెప్పి అలవాటే కాబట్టి ఓపికగా చెప్పింది. "పాతకాలం నుంచి మోషే అనే ఆయన రాసిండని నమ్మకం. గని సూక్ష్మంగా చదివినోళ్లు రెండు మూడు వందల ఏండ్ల సంది చూస్తనే ఉన్నరు. ఒక్కరు రాసినట్టు లేదు. ఎక్కడెక్కడివో, ఎప్పటెప్పటివో కలిపి కుట్టిన్రు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియదు. నా పుస్తకమంతా గదే."

మహేందర్ సానుభూతితో విన్నాడు.

"అంటే తొమ్మిదేండ్లు చదివి గూడ ఎవలు రాసిన్రో మీకు దొర్కలేదా?"

ఎక్కువమంది రాసిన పుస్తకాలకు ఫారం 7-సి ఉందని అతనే దారి చూపించాడు. అందులో ప్రతి రచయితా తన వాటా శాతంలో తెలపాలి, రెండు ఫొటోలు అంటించాలి. చివర, రచయితల మధ్య ఎలాంటి అభిప్రాయభేదాలూ లేవని అందరూ కలిసి ప్రమాణం చేయాలి. సంధ్య నాలుగో అధ్యాయం మొత్తం రచయితల మధ్య అభిప్రాయభేదాల గురించే. ఆ సంగతి చెబితే మహేందర్ తల ఊపి, అట్లయితే ముందు వాళ్లను రాజీకి రమ్మనాలని సలహా ఇచ్చాడు.

ఆమె రిజిస్ట్రేషన్ గడువు మార్చి ముప్పై ఒకటితో అయిపోతుంది. ఆ తేదీ దాటితే తొమ్మిదేళ్ల చదువు చదవనట్టే లెక్క. పీహెచ్‌డీ లేనివాళ్లను జూన్ నుంచి కొనసాగించేది లేదని కళాశాల కూడా నోటీసు బోర్డులో పెట్టింది.

ఆ ఆదివారం సంధ్య హౌసింగ్ బోర్డు కాలనీలో ఉండే జోసెఫ్ సారు దగ్గరికి వెళ్లింది. సారుకు ఎనభై ఒక్క ఏళ్లు. మిషన్ బడిలో పంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు వేదాంత పాఠశాలలో నేర్చుకున్న హీబ్రూను, అడిగేవాళ్లు ఎవరూ లేకపోయినా, మరిచిపోకుండా దాచుకున్నారు. తొమ్మిదేళ్ల కింద సంధ్య తలుపు తట్టి నేర్పిస్తారా అని అడిగితే, ఆయన లోపలికి పోయి పలక తెచ్చారు. ఆ ఐదు గ్రంథాలనూ మోషేనే స్వహస్తాలతో రాశాడని సారు నమ్మకం. కాదని నిరూపించే మనిషికి వ్యాకరణం నేర్పుతున్నానని మొదటి ఏడాదే ఆయనకు తెలుసు. తెలిసినా ఒక్క ఆదివారం కూడా పాఠం ఆపలేదు. డిసెంబరులోనే సంధ్య తన గ్రంథం ప్రతి ఒకటి ఆయనకు ఇచ్చింది. భూతద్దం పెట్టుకుని రోజుకు మూడు పేజీల చొప్పున చదువుతున్నారు.

సంగతంతా విని సారు అన్నారు, "మోషే అని రాసెయ్ బిడ్డా. గొడవ పోతది."

"మూడు వందల పేజీలల్ల ఆయన రాయలేదని రాసి, ఒక్క గడిల రాసిండని రాయాల్నా సారూ?"

"నేను మొదటి నుంచీ గదే చెప్తున్న గద, ఆయననే రాసిండని."

"మీరు నమ్మి చెప్తున్నరు. నేను నమ్మకుండ రాస్తే అబద్ధం అయితది."

సారు భూతద్దాన్ని పంచె అంచుతో తుడుచుకున్నారు. "అది నిజమే," అన్నారు. "అయితే రాయకు."

సంధ్య రాయలేదు. దాంతో ఫైలు సూపరింటెండెంట్ భిక్షపతి బల్ల మీదికి వెళ్లింది.

భిక్షపతి ముప్పై మూడేళ్ల సర్వీసులో ఏ ఫైలునూ పెండింగు పెట్టని మనిషిగా పేరు తెచ్చుకున్నారు. (ఆయన ప్రతి ఫైలునూ అదే రోజు ఇంకొకరికి పంపేవారు.) ఆయన సంధ్యను కూర్చోబెట్టి, కాసిన్ని నీళ్లు ఇప్పించి, మోషే అనే వ్యక్తి సంతకానికి అందుబాటులో ఉన్నాడా అని అడిగారు.

"లేడు సార్. ఉన్నడనే అనుకుంటే, పోయి మూడు వేల ఏండ్లు దాటింది."

"అయితే మరణ ధ్రువపత్రం పెట్టుండ్రి."

అక్కడ సంధ్య ఒక పొరపాటు చేసింది. తన వాదనకు బలమని, పండితులందరికీ తెలిసిన సంగతి ఒకటి చెప్పింది. ఐదో గ్రంథం చివర మోషే చనిపోయిన వృత్తాంతం ఉంది. సమాధి ఎక్కడుందో నేటికీ ఎవరికీ తెలియదని కూడా ఉంది. ఎవరైనా తన చావును తాను రాసుకుంటారా, నేటికీ అంటే ఏ నాటికి, అన్నది చదివేవాళ్లను శతాబ్దాలుగా ఆపుతున్న ప్రశ్న.

భిక్షపతి పెన్ను మూత తీశారు. "అంటే ఆయన మరణం గురించి ఆయన పుస్తకంలనే ఉన్నది."

"అందుకే సార్, ఆయన రాయలేదని…"

"స్వీయ ధ్రువీకరణ ఇప్పుడు అన్నిటికీ చెల్లుతది మేడమ్. గెజిటెడ్ సంతకం గూడ అక్కర్లేదు." ఆయన రాసుకుంటూ ఒక్కచోట ఆగారు. "సమాధి దొరకలేదు అన్నరు గద. అట్లయితే మరణం కాదు, లాపత్తా అయితది. దానికి పోలీసు స్టేషన్ కాగితం గావాలె. ఎక్కడ కనవడకుంట పోయిండు?"

"మోయాబు అని, యొర్దాను నదికి తూర్పున."

ఆ పేర్లతో తమ పరిధిలో ఏ మండలమూ లేదని స్టేషన్ నుంచి నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. సరైన పరిధి ఏదో తేల్చడం కోసం భిక్షపతి సంధ్యను అడిగి, జోసెఫ్ సారు దగ్గరున్న తెలుగు అనువాదం తెప్పించుకున్నారు. ఫైలు నిమిత్తం చివరి రెండు పేజీలు చూస్తే సరిపోయేది. కానీ ముప్పై మూడేళ్లుగా ఏ ఫైలునైనా మొదటి కాగితం నుంచి చూడటం ఆయనకు అలవాటు.

పది రోజుల తర్వాత సంధ్యకు కబురు వచ్చింది. వెళ్లేసరికి భిక్షపతి బల్ల మీద ఆ పుస్తకం తెరిచి ఉంది. పేజీల నిండా అంటించిన చీటీలు, కొన్ని పసుపువి, కొన్ని ఆకుపచ్చవి.

"మేడమ్, గిది ఒక్కల ఫైలు కాదు," అన్నారాయన.

సంధ్య కుర్చీలో కూర్చోవడం మరిచిపోయింది.

"మొదటి పేజీల ముందు జంతువులు, తర్వాత మనిషి. పేజీ తిప్పితే ముందు మనిషి, తర్వాత జంతువులు. ఒక్కడే రాస్తే గంత లోపే మర్చిపోతడా? వరద వచ్చిన కాడ చూడుండ్రి. జంతువులను రెండేసి ఎక్కించుమని ఒక ఆర్డరు. మల్ల కొన్నిటిని ఏడేసి ఎక్కించుమని ఇంకో ఆర్డరు. ఒకాయన దేవుడు అని ఊకుంటడు, ఇంకొకాయన పేరు పెట్టి రాస్తడు. మా ఆఫీసుల గూడ గంతే. ఒకడు అభ్యర్థి అంటడు, ఇంకొకడు దరఖాస్తుదారు అంటడు. చేతిరాత చూడకుండనే ఎవడు రాసిండో చెప్త నేను."

"అయితే ఎట్ల జరిగిందనుకుంటున్నరు సార్?" సంధ్య గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"రెండు సెక్షన్లు. రెండు ఫైళ్లు వేరువేరుగ నడిచినయి. ఎప్పుడో ఆఫీసు కాలిపోయి ఉంటది."

"కాలిపోయింది సార్. యెరూషలేమును తగలబెట్టిన్రు."

"గదే అనుకున్న. ఆఫీసు కాలితేనే గట్ల కుడతరు. మూడో ఆయన ఎవరో కూసోని రెండూ కలిపి ఒకటి చేసిండు. ఒక్క కాగితం గూడ తీసెయ్యలే. ఎట్ల తీసేస్తడు? రేపు ఎవలన్న అడిగితే?"

సంధ్య ఐదో అధ్యాయంలో నలభై ఆరు పేజీలూ, నూట డెబ్బై అధస్సూచికలూ పెట్టి చెప్పింది ఇదే. దాన్ని సీలు వేసిన కవరులో నుంచి భిక్షపతి ఒక్క వాక్యం చూడలేదు. ఈ కుట్లను విడదీసి చూపిన జర్మనీ పండితులను చదవలేదు. పసుపు చీటీలు ఒక గుమాస్తావి, ఆకుపచ్చవి ఇంకొక గుమాస్తావి. అంతే. తొమ్మిదేళ్లలో జోసెఫ్ సారు కాక ఇంకొక మనిషి తనతో ఈ సంగతి మాట్లాడటం ఇదే మొదలు. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ రెండు గంటలు మాట్లాడుకున్నారు. చెరలో ఉన్నవాళ్లు పన్ను కట్టిన లెక్కలు మట్టి పలకల మీద దొరికాయని, వాటిలో ఒక ఊరికి పోగొట్టుకున్న దేశం పేరే పెట్టుకున్నారని సంధ్య చెబితే, భిక్షపతి తన కుర్చీలో వెనక్కి వాలి, "మా మేనత్తోళ్ల ఊరు గూడ నీళ్లల్ల పోయింది," అన్నారు. కౌంటరులో టోకెన్లు ఆగిపోయాయి. ఇంటికి పోతూ సంధ్య దారిలో ఒక్కతే నవ్వుకుంది.

భిక్షపతి పదకొండు పేజీల ఆఫీసు నోటు రాశారు. ఈ గ్రంథాలకు గ్రంథకర్త ఒక్కరు కారని, ఎవరో తెలుసుకునే వీలు లేదని, కనుక 7-బి నుంచి మినహాయింపు ఇవ్వవచ్చునని అందులో ఒక్కో చీటీ చూపించి నిరూపించారు. నిబంధన ప్రకారం ఫిబ్రవరి పన్నెండున ఆ నోటును కంప్యూటర్‌లోకి ఎక్కించారు. మినహాయింపు వచ్చింది. అప్పుడే సంధ్య గ్రంథం కేంద్రానికి అందినట్టు రసీదు ఇచ్చారు. రసీదు మీద తేదీ మార్చి మూడు.

అందిన ప్రతి గ్రంథాన్నీ 'మూలదర్శిని' అనే సాఫ్ట్‌వేర్ పరీక్షిస్తుంది. పాత సాఫ్ట్‌వేర్లు వాక్యాలను మాత్రమే పోల్చేవి. మూలదర్శిని భావాలను కూడా పోలుస్తుంది. (భావం ఎవరిదైనా ముందు ఎక్కించినవారిదే.) మార్చి తొమ్మిదిన సంధ్య ఫోనుకు సందేశం వచ్చింది. ఆమె గ్రంథంలో అరవై నాలుగు శాతం, ఫిబ్రవరి పన్నెండు నాటి 'భిక్షపతి, పదకొండు పేజీలు' అనే రచన నుంచి తీసుకున్నదని తేలింది.

ఆమె వెళ్లేసరికి భిక్షపతి ముఖం పాలిపోయి ఉంది.

"నేను మీది చదవలేదు మేడమ్. ఒట్టు. నోటు రాసేటప్పుడు అది సీలు కవరులనే ఉండె."

"నాకు ఎరుకే సార్. మీరు చదవకుంటనే రాసిన్రు. నేను మీకంటే ముందే రాసిన. గా సంగతి దానికి చెప్పున్రి."

దానికి చెప్పడానికి ఒక గడి ఉంది. అందులో రాస్తే మూలదర్శిని మూల రచయితను వివరణ కోరుతుంది. మూల రచయిత భిక్షపతి. ఆయన అప్పటికప్పుడు వివరణ రాశారు. ఆ మహిళ తన నుంచి ఏమీ తీసుకోలేదని, ఆమె పరిశోధన అంటే తనకెంతో గౌరవమని, తనకు ఏ అభ్యంతరమూ లేదని రాసి సంతకం పెట్టారు. మూలదర్శిని చివరి ముక్కను మాత్రం గ్రహించింది. మూల రచయిత అంటే దానికి గ్రంథకర్తే, గ్రంథకర్తకు అభ్యంతరం లేదు, మినహాయింపుతో ఖాళీగా ఉన్న 7-బికి మనిషి దొరికాడు. పేరుంది, తండ్రి పేరుంది, ఆధార్ ఉంది, సంతకం ఉంది. కేంద్రం చరిత్రలో మొదటిసారి ఒక ప్రాచీన గ్రంథానికి ఫారం 7-బి ఏ కొర్రీ లేకుండా పూర్తయింది. కాపీ ఆరోపణ ఆ క్షణమే రద్దయింది.

రద్దుతో పాటు స్వయంచాలక సవరణ కూడా జరిగింది. గ్రంథకర్త ఎవరో తేలాక గ్రంథంలో 'అజ్ఞాత రచయితలు' అని ఉండటం వాస్తవ విరుద్ధం కాబట్టి, ఆ మాట ఉన్న రెండు వందల పద్నాలుగు చోట్లా 'భిక్షపతి గారు' అని మారింది. (తెలుగులో గౌరవానికి బహువచన క్రియే కాబట్టి వ్యాకరణం ఎక్కడా చెడలేదు.) 'క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్దంలో చెరపట్టబడి బబులోను చేరిన భిక్షపతి గారు తమ పూర్వుల కథలను మరిచిపోలేదు' అని మూడో అధ్యాయం మొదలైంది. 'భిక్షపతి గారు కొందరు యాజకులు, కొందరు రాజాస్థాన లేఖకులు' అని ఇంకొకచోట వచ్చింది. నాలుగో అధ్యాయానికి 'భిక్షపతి గారి మధ్య అభిప్రాయభేదాలు' అని పేరు పడింది.

సంధ్య ఆ ప్రతిని కౌంటరు దగ్గరే నిలబడి చదివింది. "పాతది పాత తీరుగనే పెట్టాలంటే ఏం జెయ్యాలె?" అని అడిగింది.

"గ్రంథకర్త ఒప్పుకుంటే పెట్టొచ్చు," అన్నాడు మహేందర్. "సార్ ఒప్పుకుంటడు. గని ఒప్పుకుంటే గ్రంథకర్త తెలియదు అయితది. తెలియదు అయితే, పాత మినహాయింపు రద్దయింది గద, మల్ల 7-బి కాడి నుంచి రావాలె. మార్చి ముప్పై ఒకటి లోపట కాదు మేడమ్."

ఆమె ఆ సాయంత్రం బస్సెక్కి గజ్వేల్ కాలనీకి పోయింది. సాయవ్వ గడప ముందు చిక్కుడుకాయలు తుంచుతోంది. కూతురు చెప్పిందంతా విని, తుంచిన కాయలు గిన్నెలో వేసుకుంటూ అడిగింది.

"నువ్వు రాసిన మాటలు ఉన్నయా, తీసేసిన్రా?"

"ఉన్నయి అవ్వా. రాసినోళ్ల పేరే మారింది."

"ఆ పేరు మారిస్తే నీ నౌకరీ పోతదా?"

"పోతది."

సాయవ్వ తుంచాల్సిన కాయల్లో సగం కూతురు ముందుకు జరిపింది. ఇద్దరూ కూర్చుని తుంచారు. మర్నాడు సంధ్య కేంద్రానికి వెళ్లి, సవరించిన ప్రతి తనకు సమ్మతమేనని సంతకం పెట్టింది. సంతకం పెట్టేటప్పుడు తన పేరులో సున్నా పెట్టడం మరిచిపోతే, మహేందర్ గుర్తు చేశాడు.

మౌఖిక పరీక్ష మార్చి ఇరవై ఎనిమిదిన ఆన్‌లైన్‌లో జరిగింది. ఇద్దరు పరీక్షకులు. మొదటి ఆయన, ఈ పరిశోధన వల్ల జిల్లాకు ఉపయోగమేమిటని అడిగారు. రెండో ఆయన బొమ్మ మొదటి నిమిషంలోనే తెర మీద బిగుసుకుపోయి, నలభై నిమిషాలు అట్లాగే ఉంది. మినిట్స్‌లో 'ఏకాగ్రతతో ఆలకించారు' అని రాశారు. ఇద్దరూ మూడు వందల పన్నెండు పేజీలు ఆసాంతం చదివినట్టు ధ్రువీకరించారు. మొదటి ఆయన తన నివేదికలో, భిక్షపతి వంటి మరుగున పడిన ప్రాచీనులను వెలుగులోకి తెచ్చినందుకు పరిశోధకురాలిని ప్రత్యేకంగా అభినందించారు. డాక్టరేట్ వచ్చింది. భిక్షపతి మూడు రోజుల తర్వాత రిటైరయ్యారు. సన్మాన సభలో ఆయన గురించి ఎవరు మంచి మాట చెప్పినా తల దించుకునే ఉన్నారు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం జోసెఫ్ సారు కబురు పెట్టారు. ఆయన చదివింది డిసెంబరు నాటి ప్రతి. అందులో రాసినవాళ్లు ఇంకా అజ్ఞాతంగానే ఉన్నారు. బల్ల మీద గ్రంథం మూసి ఉంది, పైన భూతద్దం.

"అయిపోయింది బిడ్డా. నిన్ననే. నూట ఎనభై ఎనిమిదో పేజీల ఒక హీబ్రూ అక్షరం లోపల చుక్క వెట్టలే నువ్వు. అర్థం మారుతది."

సంధ్య పేజీ తీసి చూసింది. సారు చెప్పింది నిజమే.

"నేను ఒప్పుకోను," అన్నారు సారు. "ఒక్క పేజీ గూడ ఒప్పుకోను. గని మంచిగ రాసినవ్. ఒకటి అడుగుతా చెప్పు. ఎవరి మాటా పోవద్దని రెండు కథలూ ఉంచిన్రు అన్నవ్ గద. ఆ ఉంచినాయన, ఎవరో, ఆయనకు సొంత మాట ఏమీ లేకుండెనా? ఆయన ఏమనుకునేటోడు?"

పరీక్షకులిద్దరిలో ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతారేమోనని సంధ్య తొమ్మిదేళ్లు భయపడింది. "తెలియదు సారూ," అంది. తెలియదన్న మాటను ఆ ఏడాది తీసుకున్నది ఆయనొక్కరే. ఇంకా చెప్పాల్సింది ఉంది కాబట్టి, సవరించిన ప్రతి సంగతి కూడా చెప్పేసింది.

సారు గ్రంథాన్ని మళ్లీ మూసి, భూతద్దం దాని మీద పెట్టారు.

"మోషే కాదంటే ఎట్లనో సర్దుకుందునేమో," అన్నారు. "భిక్షపతి అంటేనే జర కష్టమైతుంది బిడ్డా."

కొత్తగా ఆమోదం పొందిన స్థానిక పరిశోధనలను డిగ్రీ మూడో సంవత్సరం చరిత్రలో చేర్చాలని పాఠ్యప్రణాళిక సంఘం నిర్ణయించింది. మరుసటి ఏడాది వార్షిక పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. హీబ్రూ లేఖనాలలోని మొదటి ఐదు గ్రంథాలను రాసినవారెవరు? జవాబు పత్రాలు దిద్దడానికి విషయ నిపుణురాలిగా డాక్టర్ సంధ్యను పిలిచారు. బల్ల మీద జవాబుల కీ పెట్టారు. భిక్షపతి అని రాస్తే రెండు మార్కులు. మోషే అని రాస్తే, ప్రయత్నానికి అర మార్కు.

రెండో కట్టలో ఒక పత్రం. పిల్ల ఎవరో, గుండ్రటి చేతిరాత. 'ఒక్కరు కాదు. ఊరు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది, ఎవరి మాటా పోకూడదని అన్నీ కలిపి రాసుకున్నారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు.'

సంధ్య దాన్ని మూడుసార్లు చదివింది. ఎర్ర పెన్ను మూత తీసింది. పర్యవేక్షకుడు పక్క వరుసలోకి వచ్చి, గంటకు ఎన్ని పత్రాలు అవుతున్నాయని అడిగాడు. ఆమె సున్నా వేసి, నిబంధన ప్రకారం పక్క గడిలో కారణం రాసింది: గ్రంథకర్త పేరు లేదు.